మరమ్మతుదారు చేతికి చోటేది?
పాత డీజిల్ వ్యాను నిర్మాణంపై ఒక విమర్శ

హైదరాబాదు నయాపూల్ వంతెనకు ఒక ఒడ్డున అఫ్జల్‌గంజి, ఉస్మాన్‌గంజి, బేగంబజారు. ఎదుటి ఒడ్డున మదీనా, పత్తర్‌గట్టి. టోకు అంగళ్లకూ చిల్లర దుకాణాలకూ నడుమ సరుకు ఈ వంతెన మీదుగా కూడా సాగుతుంది. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాలలో ఇటువంటి ఇరుకు బజార్లకు అనువైన బండిగా మన దేశమంతటా పేరు తెచ్చుకొన్నది మెటడార్ అనే డీజిల్ వ్యాను. దానిని తయారు చేసిన బజాజ్ టెంపో సంస్థ 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకొన్నది. పొట్టి మూతి, పెద్ద కడుపు గల ప్రతి వ్యానునూ జనం మెటడార్ అనే పిలిచేవారంటే ఆ బండి ఎంతగా వాడుకలోకి వచ్చినదో ఊహించవచ్చును.

ఈ నిర్మాణంలోని గొప్పతనాన్ని ముందుగా ఒప్పుకొనవలసి ఉన్నది. బండి పొడవు పెరిగితే ఇరుకు వీధిలో మలుపు తిరగదు; సరుకు పట్టే చోటు తగ్గితే కిరాయి గిట్టదు. ఈ రెండు చిక్కులకూ శిల్పి కనిపెట్టిన ఉపాయం ఇంజనును ముందుకు పొడుచుకొని రానీయక డ్రైవరు గదిలోనికే నెట్టి, పైన ఒక మూత వేయడం. శక్తిని ముందు చక్రాలకే అందించడం వలన వెనుక చక్రాల వరకు పోయే పొడవాటి ఇరుసు అవసరం తప్పినది. బండి అడుగుభాగం నేలకు దగ్గరయినది. బస్తాలను ఎత్తి దించే హమాలీకి అది ఎంతో మేలు.

అయితే యంత్రాన్ని నడిచేటప్పుడు మాత్రమే చూచి మెచ్చుకొనడం సగం పరీక్ష. ఆగిపోయినప్పుడు దానిని విప్పి చూడడం రెండవ సగం. ఈ రెండవ పరీక్షలో ఆ కాలపు ఇరుకు వ్యాన్లు చాలావరకు తప్పినవనే చెప్పవలసి ఉన్నది.

మెటడార్‌లో తరువాతి కాలాన వాడిన మెర్సిడెస్ బెంజ్ ఓ.ఎం. 616 ఇంజనునే తీసుకొనవచ్చును. నాలుగు సిలిండర్లు, సుమారు 2.4 లీటర్ల పరిమాణం గల దృఢమైన యంత్రమిది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వను పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అణచివేస్తే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అంత వత్తిడికి ఆగవలసిన యంత్రం గనుక దాని భాగాలు బరువైనవి. బోల్టులు గట్టిగా బిగించినవి. ఒక్కొక్క సిలిండరుకు ఒక నాజిల్, దానికి డీజిల్ పంపు నుండి వచ్చే ఉక్కు గొట్టం, చలిలో ఇంజనును మేల్కొలిపే హీటర్ ప్లగ్గు ఉంటవి. విశాలమైన బల్ల మీద వీటిని విప్పడం పెద్ద పని కాదు. ఇనుప రేకుల గూటిలో ఇమిడి ఉన్నప్పుడు విప్పడం వేరే పని.

ఈ కష్టాన్ని పాఠశాల గణితంతోనే కొలవవచ్చును. ఒక నట్టు వదలడానికి 60 న్యూటన్ మీటర్ల భ్రామకం కావాలనుకొంటే, 30 సెంటీమీటర్ల పానా పట్టినవాడు చివరన 200 న్యూటన్ల బలం వేస్తే చాలును. అంత పానా పట్టే చోటు లేక 15 సెంటీమీటర్లదే వాడవలసివస్తే కావలసిన బలం 400 న్యూటన్లు, అనగా సుమారు 40 కిలోల బరువుతో సమానం. నడుము వంచి, చేయి మోచేతి వరకు దూర్చి, కంటికి కనపడని నట్టుపై అంత బలం వేయవలెను. పానా జారితే వేళ్లు పోయి రేకు అంచుకు తగులుతవి.

కోణాల లెక్క మరింత ముఖ్యమైనది. నట్టుకు ఆరు పలకలు గనుక మామూలు నోటి పానాను ఒకసారి పట్టి 60 డిగ్రీలు తిప్పగలిగితేనే తరువాతి పలక అందుతుంది. అందుకే పానా నోటిని పిడికి 15 డిగ్రీలు వాలుగా చేస్తారు. ప్రతిసారీ బోర్లించి పట్టితే 30 డిగ్రీల చోటు చాలును. పన్నెండు మూలల రింగు పానాకూ అంతే చాలును. ఈ లెక్కన పది చుట్లు తిరిగి బయటికి రావలసిన బోల్టు కోసం పానాను 120 సార్లు తీసి పెట్టవలెను! పక్కనున్న గొట్టం అడ్డువచ్చి 20 డిగ్రీలే చోటు మిగిలినదా, ఈ రెండు పానాలూ పనికిరావు. అప్పుడు అడ్డున్న గొట్టాన్ని విప్పవలసిందే. ఒక వస్తువు కోసం పది వస్తువులు విప్పడమనే గొలుసు ఇక్కడే మొదలవుతుంది.

ఈ గొలుసులో ప్రతి లంకె ఒక కొత్త పొరపాటుకు అవకాశం. విప్పిన గొట్టపు మూతిలో ఇసుక రేణువు పడితే నాజిల్ సన్నని రంధ్రం పాడవుతుంది. గొట్టంలో గాలి మిగిలితే గాలి తీసేదాకా ఇంజను నడవదు. ఇరుకులో గొట్టాన్ని వంచి తీస్తే అది మళ్లీ సరిగా కూర్చోదు. నాజిల్ నుండి ఇంధనం చక్కని తుంపరగా రాకపోతే దహనం పూర్తికాక నల్లని పొగ వస్తుంది. బండి శిల్పి ఆదా చేసిన అర మూర చోటుకు వెల చెల్లించేది మరమ్మతుదారు ఒక్కడే కాదు; ఆ పొగను పీల్చే దారినపోయేవారు కూడా. వంతెన నడుమ బండి ఆగితే అఫ్జల్‌గంజిలోని ఉస్మానియా ఆసుపత్రికి పోవలసిన రోగి సైతం దానివెనుక నిలువవలసివస్తుంది.

చిన్న బండిలో ఇంతకన్న మార్గం లేదనేవారు ఉండవచ్చును. 1950లో ఉత్పత్తి మొదలైన ఫోక్స్‌వాగన్ వ్యాను అది నిజం కాదని చూపినది. దాని పెట్రోలు ఇంజను వెనుక భాగాన ఉండి, గేరు పెట్టెకు నాలుగు బోల్టులతోనే అతికి ఉండేది. ఇంజను మొత్తాన్ని కిందికి దింపి బయట పెట్టుకొని బాగుచేసేవారు. నీళ్లతో చల్లబడే బరువైన డీజిల్ ఇంజనుకు ఆ పద్ధతి యథాతథంగా సరిపడకపోవచ్చును. ఆ ఆలోచన మాత్రం సరిపడుతుంది. లారీలలో డ్రైవరు గదినే ముందుకు వంచి ఇంజనును బయటపెట్టే పద్ధతి వచ్చినది ఇటువంటి ఆలోచన నుండే. వ్యానులో కూడా పెద్ద మూత, సులభంగా ఊడే నేల పలక, తరచు మార్చే భాగాలన్నీ ఒకే వైపున అమరిక అసాధ్యాలు కావు.

ఈ ప్రశ్న పాత బండ్లతో ముగిసిపోలేదు. ఫ్రాన్సు దేశం 2021 నుండి కొన్ని విద్యుత్ పరికరాలపై మరమ్మతుకు ఎంత అనువైనవో తెలిపే మార్కును ముద్రించేటట్లు చేసినది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించి, పరిశీలించవలసిన రంగాలలో మోటారు వాహనాలను కూడా చేర్చినది. హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదు. పానా తిరగడానికి 30 డిగ్రీల చోటు కూడా కావలెను.

ఈ విమర్శ పాఠ్యపుస్తకాలకు కూడా వర్తిస్తుంది. పుస్తకంలో ఇంజను బొమ్మ ఎప్పుడూ తెల్లని కాగితం మీద ఒంటరిగా ఉంటుంది. దాని చుట్టూ రేకులు లేవు, గొట్టాలు లేవు, మనిషి చేయి లేదు. ఉపాధ్యాయులు ఒక అట్టపెట్టె అడుగున నట్టూ బోల్టూ బిగించి, పక్క రంధ్రంగుండా విద్యార్థి చేత విప్పించి చూడవచ్చును. బల్ల మీద పట్టిన కాలాన్నీ పెట్టెలో పట్టిన కాలాన్నీ పోల్చి చూస్తే భ్రామకసూత్రం ఇక మరపునకు రాదు. రేపు యంత్రాల బొమ్మలు గీయబోయేవారు ఆ విద్యార్థులలోనే ఉన్నారు. గీసేటప్పుడు మరమ్మతుదారు చేతికి కూడా చోటు విడిచేవాడే మంచి శిల్పి.