గుండె కండరపు వేగం: కొలిచినదెంత, ఊహించినదెంత?

బావిలో నీళ్లు తోడేవారికి ఈ విషయం కొత్త కాదు. ఖాళీ చేద చకచక పైకి వస్తుంది. నిండు చేద మెల్లగా వస్తుంది. కండర ధర్మమే అట్టిది. అది ఎంత వేగంగా కుంచించుకొంటే, చూపగల బలం అంత తగ్గుతుంది.

1938లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ కప్ప కాలి కండరంపై ప్రయోగాలు చేసి దీనికి గణితరూపం ఇచ్చినాడు. బలానికి ఒక స్థిరాంకాన్నీ, వేగానికి మరొక స్థిరాంకాన్నీ కలిపి, ఆ రెండు మొత్తాలను గుణిస్తే వచ్చే లబ్ధం మారదు. గ్రాఫు గీస్తే అతిపరావలయం వస్తుంది. 1957లో ఏ. ఎఫ్. హక్స్‌లీ ఇందుకు కారణం సూచించినాడు. తంతువులు వేగంగా జారేటప్పుడు వాటిని పట్టిలాగే మయోసిన్ కొక్కేలకు తగులుకొనే వ్యవధి చాలదు. తగులుకొన్నవాటిలో కొన్ని సకాలంలో విడివడక ఎదురులాగుతాయి.

1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ సోనెన్‌బ్లిక్ ఈ పద్ధతిని పిల్లి గుండెలోని పాపిల్లరీ కండరానికి వర్తింపజేసినాడు. బరువు పెరిగినకొద్దీ వేగం తగ్గటం ఇక్కడా కనిపించింది. ఆరంభంలో కండరాన్ని ఎక్కువ సాగదీస్తే అది చూపగల గరిష్ఠబలం పెరిగింది కాని, బరువే లేనప్పటి గరిష్ఠవేగం మారలేదని ఆయన నిర్ణయం. నారడ్రినలిన్ చేర్చినప్పుడు మాత్రం ఆ వేగమూ పెరిగింది. కనుక గుండె సహజశక్తిని తెలిపే అంకె దొరికినదని పలువురు వైద్యులు ఆశపడినారు. రోగుల గుండెలో పీడనం పెరిగే తీరునుండి ఆ అంకెను లెక్కగట్టే ప్రయత్నాలు కూడా సాగినవి.

ఈ కృషిలో నిలిచే భాగం విలువైనదే. బృహద్ధమనిలో పీడనం హెచ్చితే గుండె రక్తాన్ని వెడలగొట్టే వేగం ఎందుకు తగ్గుతుందో దీనివల్ల బోధపడుతుంది. చిక్కంతా ఆ గరిష్ఠవేగంతోనే. బరువు సున్న అయిన స్థితిని నాడు ఎవరూ నేరుగా కొలువలేదు. కండరాన్ని ఆరంభపు పొడవులో నిలపడానికే కొంత బరువు కావాలి. కొలిచిన బిందువుల గుండా పోయే వక్రరేఖను అక్షం వరకు పొడిగించి ఆ అంకెను సంపాదించినారు.

మరొక చిక్కు కాలానిది. ఎడతెగని విద్యుత్‌ప్రేరణతో కప్ప కండరాన్ని పూర్తి బిగువులో నిలపవచ్చును. గుండె కండరం మామూలుగా అట్లా నిలువదు. ప్రతి స్పందనలో దాని ఉత్తేజం పెరిగి తరుగుతుంది. బరువు ఎక్కువైతే కుంచించుకోవటం ఆలస్యంగా మొదలవుతుంది. అంటే ఒకే రేఖపై ఉన్న బిందువులు వేర్వేరు ఉత్తేజస్థితులకు చెందినవి.

1970లో జెరాల్డ్ పొలాక్ ఈ అంకెను తీవ్రంగా విమర్శించినాడు. విశ్రాంతిలో సైతం గుండె కండరానికి గణనీయమైన బిగువు ఉన్నది. ఆ బిగువును లెక్కలోకి తీసుకొనే నమూనాను బట్టి జవాబు మారిపోతుంది. తరువాతి కాలంలో లేజరు వెలుగుతో కండరపు సూక్ష్మభాగాల పొడవును నేరుగా గమనించినప్పుడు, పొడవు బాగా తగ్గితే వేగమూ తగ్గుతుందని తేలింది. పొడవుతో సంబంధమే లేదన్న మాట అన్నిచోట్లా చెల్లదు.

హిల్ సూత్రం దీనివల్ల అబద్ధం కాలేదు; దాని హద్దు తెలిసింది. తరగతిలో ఈ గ్రాఫు గీయించే ఉపాధ్యాయులు కొలిచిన మేరకు నిండుగీతను, ఆపైన చుక్కలగీతను గీయించటం మంచిది. ఆ రెండింటి తేడా గుర్తించిన విద్యార్థి ఏ శాస్త్రంలోనైనా గ్రాఫును జాగ్రత్తగా చదువగలుగుతాడు.