ఏం మారింది? ఎందుకు మారింది?

చాలా డీటీపీ సెంటర్లలో కంప్యూటర్ తెరిస్తే ఇలాంటి ఫోల్డర్ ఒకటి కనబడుతుంది. ‘పుస్తకం ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే ఫైనల్’. ప్రెస్సుకు ఏది వెళ్లాలో తెలిసింది ఆపరేటర్‌కే. ఆయన సెలవు పెట్టిన రోజున పాత ప్రూఫే అచ్చుకెళ్లి, దిద్దిన తప్పులన్నీ మళ్లీ పుస్తకంలోకి వచ్చేస్తాయి.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ బాధకు మందు ఎప్పుడో వెతుక్కున్నారు. బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ 1972లోనే ఎస్‌సీసీఎస్ అనే సాధనం తయారు చేశాడు. ఫైలు ఒక్కటే, దానిలో జరిగిన మార్పులు మాత్రం వరసగా నమోదవుతాయి. వెర్షన్ కంట్రోల్ అంటే అదే.

ఇప్పుడు అందరి నోటా వినిపించే గిట్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనం మాత్రం ఒక ఇబ్బందిలోంచి పుట్టింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (కేంద్రభాగం) బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే వాణిజ్య వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునేది. 2005లో ఆ వెసులుబాటు పోయింది. దేశదేశాల ప్రోగ్రామర్లు పంపే మార్పులు వచ్చిపడుతూనే ఉన్నాయి. లినక్స్ సృష్టికర్త లైనస్ తోర్వాల్డ్స్ కెర్నల్ పని పక్కనపెట్టి, ఏప్రిల్‌లో గిట్ రాయడానికి కూర్చున్నాడు. కొద్ది రోజులకే గిట్ తన కోడ్‌ను తానే భద్రపరచుకోసాగింది. జూన్‌లో లినక్స్ 2.6.12 దాని సాయంతోనే విడుదలైంది. జులైలో గిట్ నిర్వహణ జూనియో హమానో అనే ప్రోగ్రామర్ చేతికి వెళ్లింది.

గిట్‌లో ఒక్కో మజిలీని కమిట్ అంటారు. ఆ క్షణాన ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో, ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, దానికి ముందున్న కమిట్ ఏదో అందులో ఉంటాయి. వీటన్నిటి నుంచీ లెక్కగట్టిన 40 అక్షరాల గుర్తు దానికి పేరవుతుంది. పాత కమిట్‌లో ఒక్క కామా మార్చినా ఆ గుర్తు మారుతుంది, దాని తర్వాతివన్నీ మారతాయి. గుట్టుగా దిద్దడం కుదరదు. ఇద్దరు ఒకే వరసను చెరోలా మార్చితే, గిట్ ఆగి రెండు పాఠాలనూ ముందు పెడుతుంది. ఏది ఉంచాలో మనిషే తేల్చాలి. తాళపత్రాల పాఠాంతరాలు చూసిన పండితుడికి ఇది కొత్త పనేమీ కాదు.

అయితే ఏం మారిందో యంత్రం చెప్పగలదు గానీ ఎందుకు మారిందో చెప్పలేదు. అందుకే ప్రతి కమిట్‌తో పాటు ఒక సందేశం రాయమంటుంది. ‘మార్పులు చేశాను’ అని రాస్తే ఆరు నెలల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు. ‘రచయిత మూడో ప్రూఫ్‌లో ఊరి పేరు సరిచేశారు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. లినక్స్‌కు మార్పులు పంపేవాళ్లను ముందు సమస్య ఏమిటో వివరించమని కెర్నల్ నియమావళే అడుగుతుంది. ఈ పరికరంలో అన్నిటికన్నా విలువైనది ఆ సందేశమే.

డీటీపీ సెంటర్ల పేజ్‌మేకర్ ఫైలును కూడా గిట్ దాస్తుంది కానీ, అందులో ఏ మాట మారిందో చూపించలేదు. యూనికోడ్‌లో మామూలు టెక్స్ట్‌గా రాసిన తెలుగైతే మారిన వరస ఇట్టే కనబడుతుంది. వాక్యానికో వరస చొప్పున రాస్తే మరీ సులువు.

పుస్తకం మీద పనిచేస్తున్నవాళ్లు తర్వాతి అధ్యాయాన్నైనా ఇలా మొదలుపెట్టి చూడండి. ఫైలు పేరులో ‘ఫైనల్’ రాయకండి, కమిట్ సందేశంలో కారణం రాయండి.