క్రీడాభిరామము – ఓరుఁగంటి వీథులు

దశరూపకములలో వీథి యొకటి. ఒక యంకము, ఒకరో యిద్దరో పాత్రలు, సూచ్యమైన శృంగారము, ఆకాశభాషితములు, ఉద్ఘాత్యకాదులగు 13 అంగములు దాని లక్షణములు. వీథిని బోలియుండుటచేఁ గాని, అంగముల పంక్తి యగుటచేఁ గాని దీనికిఁ బేరు గలిగెనని దశరూపకవ్యాఖ్యాతయగు ధనికుఁడు చెప్పెను. ఈ రెండర్థములును క్రీడాభిరామమునందుఁ జక్కఁగ నన్వయించును. ఇందు రూపకమును వీథియే, వస్తువును వీథియే. గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు నను చెలికాం డ్రిద్దఱు ఒకనాఁటి వేకువ మొదలుకొని ఓరుఁగంటి వాడవాడలఁ దిరుగుటయే కథ. ఇందు నాయకుఁ డెవ్వఁడని యడిగినచో నగరమే యని చెప్పవలసియుండును.

మానవల్లి రామకృష్ణకవిగారు ఈ గ్రంథమును వెలికిఁ దెచ్చినది మొదలు పండితులు దీని కర్తృత్వమును గూర్చియే విశేషముగా వాదించిరి. ప్రస్తావనను బట్టి యిది వినుకొండ వల్లభరాయనిది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శ్రీనాథకృతమని ప్రతిపాదించిరి. ఆ వాదము ముఖ్యమే. కాని దాని నీడలో గ్రంథమునకు రెండు విధముల నన్యాయము జరిగినది. అశ్లీలమని కొందఱు దీనిని దూరముంచిరి. చరిత్రసాధనమని కొందఱు దీనినుండి కావలసిన పంక్తులను మాత్రము కోసికొనిపోయిరి. మొదటివారు కావ్యమును జదువలేదు. రెండవవారు కావ్యమును గావ్యముగఁ జదువలేదు.

ఇందుఁ గానవచ్చు నగరము రాజసభలోని నగరము గాదు. మోహరివాడ, వెలిపాళెము, మైలసంత మొదలగు తావులు పేళ్లతో వచ్చును. ఒకచోట నొక స్త్రీ వాద్యములు మ్రోయఁగాఁ బలనాటివీరుల కథను గానము చేయును. వేఱొకచోట మైలారుదేవుని భటులు నిప్పులపై నడతురు. ఏకవీర, కాకతమ్మ మొదలగు దేవతల గుళ్లు త్రోవలోఁ దగులును. ప్రతాపరుద్రుని యభిమానపాత్రమగు మాచల్దేవి యింట చిత్రశాలయు, గణికాకన్యకు జరుగు ముకురవీక్షావిధానమును వర్ణితములు. లక్ష్మణవజ్ఝల పూటకూటింట నొక్క రూకకుఁ గర్పూరభోగి వంటకము, గోధుమపిండివంట, చక్కెర, క్రొత్తనేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, పెరుఁగు లభించును. పిదపఁ గోడిపందెము. పోరిలోఁ బడిన కోళ్లను గుమారస్వామి వాహనములని సంబోధించి విలపించు సీసపద్యము హాస్యమున కుద్దిష్టమే యయ్యును, మహావీరుల మరణమునకుఁ దగిన ధాటి గలది. ఇట్లు చిన్నవస్తువునకుఁ బెద్దశైలిని దొడుగుట కవి నేర్పు.

సంస్కృతమున నిట్టి నగరసంచారమునకు భాణములు ప్రసిద్ధములు. 1922లో రామకృష్ణకవిగారును రామనాథశాస్త్రిగారును ప్రకటించిన చతుర్భాణి యిందుకుఁ దార్కాణ. భాణమున విటుఁ డొక్కఁడే మాటలాడును. ఎదుటివారి పలుకులను దానే యనువదించుకొనును. కావున నగర మంతయు వాని యొక్కని కంటితోడిదే. ఇచ్చట బ్రాహ్మణుఁడును వైశ్యుఁడును జతగూడిరి. ఒకఁడు చూపఁగా నొకఁ డడుగును. ఒకని చమత్కారమును వేఱొకని లోకజ్ఞత సరిచూచును. వీథి రెండు ప్రక్కలనుండియుఁ గానవచ్చుట కిదియే హేతువు.

ఇఁకఁ జరిత్రకారులు విచారింపవలసిన దొకటి గలదు. క్రీడాభిరామము స్వతంత్రకృతి గాదు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమున కిది తెనుఁగుసేఁత. మూలము నేఁడు లభ్యము గాదు. కథాకాలము ప్రతాపరుద్రునిది; ఆతని రాజ్యము 1323లోఁ గూలినది. వల్లభరాయఁడు 14వ శతాబ్ది తుదకో 15వ శతాబ్ది మొదటికో చెందినవాఁడు. అతఁడు వర్ణించిన యోరుఁగల్లు అతఁడు చూచిన యోరుఁగల్లు గాదు. కావున నిందలి ప్రతివిశేషమును గాకతీయకాలమునకు నేరుగ నంటఁగట్టరాదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘికచరిత్రలో దీనిని విరివిగా వాడి, తెలుఁగు సామాన్యుని బ్రతుకునకుఁ గావ్యములు సాక్ష్య మీఁగలవని నిరూపించిరి. ఆ మార్గము శ్లాఘ్యము. అయినను సాక్షి పలుకులలోఁ దాఁ జూచిన దెంత, విన్న దెంత యని విడఁదీయుట న్యాయము. పూటకూళ్లు, సంత, వాడ మొదలగు దేశ్యపదములు దట్టముగ నున్న పద్యములలో అనువాదకుని సొంతచేయి యెక్కువ యని యూహింపవచ్చును. మూలము దొరకువఱకు నది యూహయే.

ఈ విచారణచేఁ గావ్యము విలువ తగ్గదు, హెచ్చును. కూలిన నగరమున వెలుఁగుచున్న దీపములను, మూసిపోయిన యంగళ్లలోని బేరములను, నడచువారు లేని వీథులలోని నవ్వులను గవి వర్తమానక్రియలతోఁ జెప్పినాఁడు. ఎచ్చటను శోకింపలేదు. అందుచేతనే చదువరికి శోకము గలుగును.

అశ్లీలతావిషయమున నాలంకారికుల మతము స్పష్టము. వ్రీడా జుగుప్సా అమంగళవ్యంజకమగు నశ్లీలము దోషమే. కాని సురతారంభగోష్ఠ్యాదులయం దది గుణమగునని సాహిత్యదర్పణకారుఁడు చెప్పెను. వేశవాటిలో విహరించు చెలికాండ్ర సంభాషణ యట్టి గోష్ఠియే. కొన్ని పద్యములు మోటుగనే యున్నవి. కొన్నిట స్త్రీలయెడఁ జూపు చులకన నేఁటి సహృదయునకు నొప్పి గలిగించును. దానిని గప్పిపుచ్చ నక్కఱలేదు. అయినను వానిని దొలఁగించి ముద్రించినచో నగరమున సగము వీథులు మూసివేసినట్లగును. మంచిత్రోవను మాత్రము చూపెడి చిత్రపటముతో నూరు తెలియదు.

నేఁడు వరంగల్లు కోటలో నాలుగు కీర్తితోరణములు నిలిచియున్నవి. స్వయంభూదేవాలయము శిథిలములైన రాళ్ల నడుమ నున్నది. మట్టికోటయు రాతికోటయు గురుతింపఁ దగియున్నవి. రాజులు కట్టించినవానిలో నింత మిగిలినది. పూటకూటి యిల్లు, కోడిపందెపు బయలు, కథ చెప్పెడి స్త్రీ నిలిచిన మూల మాత్రము రాతిలో మిగులలేదు. ఈ చిన్నగ్రంథమున మిగిలినవి. కావున సంపూర్ణపాఠమును బాఠాంతరములతోను, వీథ్యంగవివరణముతోను, దేశ్యపదకోశముతోను బ్రకటించుట పరిశోధకుల విధి. తోరణములను గాపాడు శ్రద్ధలోఁ గొంత యీ వీథులకును దక్కవలెను.