‘ఉరిసిల్ల’, ‘మన్యం’: వార్తాశీర్షికల్లో ఉత్తర తెలంగాణ ఊళ్లు

1978 అక్టోబర్ 20న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అది పరిపాలనాపరమైన ఉత్తర్వు. ఉత్తర్వులోని ఆ మాట వార్తల్లోకి చేరి ఊరికి విశేషణమైంది. తర్వాత రెండు దశాబ్దాలు గడిచేసరికి నేత కార్మికుల ఆత్మహత్యల కాలంలో సిరిసిల్ల ‘ఉరిసిల్ల’ అయింది. 2017 తర్వాత అదే పట్టణం ‘బతుకమ్మ చీరల సిరిసిల్ల’గా పతాక శీర్షికలకెక్కింది. ఒక మనిషి ఆయుష్కాలంలో ఒక ఊరికి మూడు పేర్లు వచ్చాయి. ఏ ఒక్కటీ ఆ ఊరి పాత కాపురస్తులు పెట్టుకున్నది కాదు. చేతిమగ్గం పోయి కరెంటు మగ్గం రావడాన్ని కళ్లారా చూసినవాళ్లు ఈ పేర్లను ఎలా వింటారన్న ప్రశ్నకు జవాబును వారి అభిప్రాయ ప్రకటనల్లో కంటే వారి వాడుకభాషలో వెతకడం మేలు. పత్రిక మాటకూ ఊరి మాటకూ నడుమనున్న దూరమే ఇక్కడ పరిశీలనాంశం.

‘ఉరిసిల్ల’ నిర్మాణాన్ని మొదట చూడాలి. ‘సి’ అనే అక్షరాన్ని తొలగించి ‘ఉ’ను నిలపడం ఇందులోని ప్రక్రియ. చిత్రకవిత్వ పరిభాషలో చెప్పాలంటే ఇది చ్యుతదత్తాక్షరం. అవధానసభలో సమయస్ఫూర్తికి గీటురాయిగా నిలిచిన విద్య పత్రికా కార్యాలయంలో చావుకు శీర్షిక కట్టే పనికి వచ్చింది. శీర్షికకు క్లుప్తత కావాలి, చూపును ఆపే గుణం కావాలి. ఆ రెండు అవసరాలనూ ఈ మాట ఎంతగా తీర్చిందంటే, దానిని మొదట ఎవరు వాడారన్నది కూడా మరుగున పడింది. అయితే ఇందులో ఒక చిక్కుంది. స్థానికుల ఉచ్చారణలో ఆ ఊరు ‘సిర్సిల్ల’. ఇంగ్లిషు వర్ణక్రమం కూడా ఆ పలుకుబడికే దగ్గరగా ఉంటుంది. ‘సిర్సిల్ల’ అని పలికే నోటికి ‘సిరి’ విడిగా వినిపించదు. సిరి వినిపించనప్పుడు దాని స్థానంలో ఉరి వచ్చిందన్న చమత్కారానికి ఆధారం లేదు. కాబట్టి ఈ శబ్దక్రీడ అచ్చులోనే బతుకుతుంది. శిష్టలేఖనంలో ఊరిపేరును చదివేవారి కోసం, అంటే ఊరి బయటి పాఠకుల కోసం, పుట్టిన మాట ఇది.

అయినా ఊరివాళ్లు దీనిని పూర్తిగా తోసిపుచ్చారనుకోవడం పొరపాటు. ధర్నాల్లోనూ సభల్లోనూ కార్మిక సంఘాలు కూడా ఈ మాటను వాడాయి. ప్రభుత్వాన్ని కదిలించడానికి అది పనికివచ్చింది. విద్యుత్ రాయితీలు, అంత్యోదయ కార్డుల వంటి కోర్కెల వెనుక ఆ పేరు కలిగించిన అప్రతిష్ఠ బలం కూడా పనిచేసింది. చావును ఎత్తిచూపనిదే సాయం అందని పరిస్థితిలో ఆ పేరును భరించడం ఒక విధమైన వ్యవహారజ్ఞానం. తెలంగాణ వ్యవహారంలో ఊరు ‘పేపర్ల పడ్డది’ అంటారు. ఈ ‘పడు’ క్రియలో కర్తృత్వం లేదు. వానపడ్డట్టు, పిడుగుపడ్డట్టు వార్త కూడా పైనుంచి పడుతుంది. పడ్డదాన్ని వీలైతే వాడుకోవాలి, లేకుంటే తట్టుకోవాలి. పాత కాపురస్తుల వైఖరి అంగీకారమూ కాదు, నిరాకరణా కాదు. ఆ రెంటి మధ్య వాళ్లు చేసుకున్న సర్దుబాటుకు ఈ క్రియ కంటే మంచి సాక్ష్యం దొరకదు.

అసలు భేదం కథ ఎక్కడ మొదలవుతుందన్న దగ్గర ఉంది. వార్తకు మొదలు ఒక మరణం. ఊరి కథనానికి మొదలు భీవండి. ఇక్కడి పద్మశాలి కుటుంబాలు భీవండి, షోలాపూర్, ముంబయిలకు వలసపోయాయి. అక్కడ మరమగ్గం పని నేర్చుకున్నవారు 1970ల నుంచి ఆ మగ్గాలతో తిరిగివచ్చారు. వాటిని సిరిసిల్లలో ‘సాంచలు’ అంటారు. ‘మరమగ్గం’ పత్రిక మాట, కార్యాలయం మాట. ‘సాంచ’లో వలస చరిత్ర ఉంది. తర్వాతి కథ పాలిస్టర్ బట్టది, అప్పుది, కరెంటు బిల్లుది, మీటరు లెక్కన పడే కూలీది. ఈ వరుసలో ఏ ఒక్క మలుపుకూ తేదీ చెప్పలేం. దినపత్రికకు తేదీ లేనిది వార్త కాదు. కనుకనే పాతికేళ్ల క్రమం ఒక రాత్రి సంఘటనగా అచ్చవుతుంది.

ఇంతకంటే ఎక్కువ నష్టం చేసిన మాట ‘నేతన్న’ అనిపిస్తుంది. రైతన్న, గీతన్నల వరుసలో ఆత్మీయంగా వినిపించే ఈ బంధువాచకం సాంచల లోపలి శ్రేణిని చెరిపివేస్తుంది. నూలు పెట్టుబడి పెట్టే యజమాని వేరు. అతని దగ్గర నూలు తెచ్చుకుని తన నాలుగు సాంచల మీద బట్ట నేయించి ఇచ్చే ఆసామి వేరు. ఆసామి దగ్గర కూలికి పనిచేసే కార్మికుడు వేరు. బట్ట ధర పడిపోయిన నాడు ముగ్గురికీ ఒకే దెబ్బ తగలదు. యజమాని నూలు ఆపితే సరిపోతుంది, ఆసామికి అప్పు మిగులుతుంది, కార్మికుడికి పనే ఉండదు. ‘నేతన్న ఆత్మహత్య’ అన్న శీర్షిక చదివినవారికి చనిపోయింది ఆసామో కార్మికుడో తెలియదు. ఎవరికి ఎవరు బాకీ ఉన్నారో అంతకన్నా తెలియదు. పైగా ‘అన్న’ పురుషుడు. కండెలు చుట్టే ఆడవాళ్లకూ, పక్కనే బీడీలు చేసి ఇంటిని నిలబెట్టేవాళ్లకూ ఆ శీర్షికలో చోటు లేదు. వాళ్లు లోపలి పేజీ ఫొటోలో, శవం పక్కన రోదిస్తున్న కుటుంబసభ్యులుగా మాత్రమే కనిపిస్తారు. ఊరిలో ఈ తేడాలు చిన్నపిల్లలకు కూడా తెలుసు. వార్తపై ఊరివారి అసంతృప్తికి మూలం ఇది. వార్తలో అబద్ధం ఉందని కాదు, తమకు తెలిసినదానికంటే తక్కువ తెలిసిన గొంతు తమ గురించి మాట్లాడుతోందని.

2017లో బతుకమ్మ చీరల ఆర్డరుతో పేరు తలకిందులైంది. ఉరిసిల్ల మళ్లీ సిరిసిల్ల అయిందన్న భావం పాలకపక్ష ప్రసంగాల్లో పల్లవిగా మారింది. సిరిసిల్ల శాసనసభ్యుడు కె. తారకరామారావే అప్పటి చేనేత, జౌళి శాఖ మంత్రి కావడం దానికి తోడైంది. తొలి ఏడాది చీరల్లో కొంత భాగం సూరత్ నుంచి తెప్పించినవనీ, నాణ్యత లేదని కొన్నిచోట్ల మహిళలు చీరలు తగలబెట్టారనీ అవే పత్రికలు రాశాయి. చీర బాగోలేదన్న వార్త కట్టుకునేవారి పక్షాన న్యాయమైనదే. కానీ నేసినవారి ప్రతిష్ఠ కూడా అందులో కాలింది. 2024లో ఆ ఆర్డర్లు నిలిచి, బకాయిలు పేరుకుని, ఆత్మహత్యల వార్తలు మళ్లీ మొదలైనప్పుడు పాత పేరూ తిరిగి వచ్చింది. పత్రికకు అది ఎప్పుడైనా తీసి తొడగగలిగే సిద్ధశీర్షిక.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. రాసేవాడు మాత్రం పరాయివాడా? 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలను ప్రారంభించాక తెలుగు పత్రికలు మండల స్థాయికి దిగాయి. అచ్చయిన కొలతను బట్టి ‘లైన్ అకౌంట్’ తీసుకునే విలేకరి చాలాచోట్ల ఆ ఊరివాడే, కొన్నిసార్లు ఆ కులవృత్తి ఇంటివాడే. అతనికి సాంచ తెలుసు, ఆసామి తెలుసు. కానీ శీర్షిక సాధారణంగా డెస్క్‌లో తయారవుతుంది. ఊరిమాట ప్రమాణభాషలోకి మారేది అక్కడే. అందువల్ల పరాయితనం వ్యక్తిది కాదు, ప్రక్రియది. స్థానికుడు రాసిన వార్తలో ఊరు తనను తాను గుర్తుపట్టలేకపోవడానికి కారణం ఈ అనువాదమే.

సిరిసిల్లలో ఊరిపేరులోని అక్షరం మారితే, ఆదిలాబాద్‌లో మొత్తం ప్రాంతానికే మరో చోటి పేరు వచ్చింది. వానాకాలం జ్వరాల వార్తలకు ‘మంచం పట్టిన మన్యం’ అలవాటైన శీర్షిక. మకారాల ప్రాస కుదిరింది. కానీ ‘మన్యం’ విశాఖ, గోదావరి కొండప్రాంతాల మాట. ‘ఏజెన్సీ’ మద్రాసు ప్రెసిడెన్సీ పాలన నుంచి వచ్చిన మాట. నిజాం రాజ్యంలో భాగమైన ఆదిలాబాద్‌కు చారిత్రకంగా ఈ రెండూ చెందవు. భాషాప్రయుక్త రాష్ట్రంతోపాటు కోస్తా పత్రికాభాష తెచ్చిన పేర్లు ఇవి. గోండులు తమ ఊళ్లను పేర్లతో పిలుస్తారు. మార్లవాయి, కేస్లాపూర్, ఇంద్రవెల్లి అన్నీ ‘మన్యం’లో కలిసిపోవడానికి ఒక ప్రాస చాలింది.

ఆదిలాబాద్ వార్తకు క్యాలెండరు కూడా ఉంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర, ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి, వానల్లో జ్వరాలు, దీపావళికి నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ. 1981 ఏప్రిల్ 20 సోమవారం, సంతరోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్కలో మృతులు 13 మంది. హక్కుల సంఘాలు, స్థానికులు చెప్పిన సంఖ్య అంతకు చాలా ఎక్కువ. తర్వాత ఏళ్ల తరబడి ఆ తేదీన నిషేధాజ్ఞలు అమలయ్యాయి. ఏటా వచ్చే వార్త స్తూపం, పోలీసు బందోబస్తు, నివాళి చుట్టూ తిరిగింది. ఆ సభ దేనికోసమన్నది వెనక్కిపోయింది. దేనికంటే భూమికి. 1970 నాటి ఒకటవ నిబంధన ఉన్నా గోండుల సాగుభూములు వలస వచ్చినవారి చేతుల్లోకి వెళ్లడం ఆగలేదు. 1940లలో మార్లవాయిలో ఉండి పనిచేసిన హైమన్‌డార్ఫ్ దశాబ్దాల తర్వాత తిరిగివచ్చి గమనించిన ప్రధానమైన మార్పుల్లో ఇది ఒకటి. ఒక్కో ఎకరం ఒక్కో కాగితంతో పోయింది. క్యాలెండరులో ఆ రోజుకు గడి లేదు.

ఈ ప్రాంతపు సాహిత్యం వార్తతో పోటీ పడలేదు, దాని కాలాన్ని వదిలేసింది. సిరిసిల్ల పక్కనున్న తంగళ్లపల్లి కవి జూకంటి జగన్నాథం తన కవితా సంపుటికి ‘వాస్కోడిగామా డాట్ కామ్’ అని పేరు పెట్టడం గమనార్హం. 1498లో కాలికట్ చేరిన ఓడకూ ఇంటర్నెట్ చిరునామాకూ మధ్య ఐదు శతాబ్దాలను ఆ పేరు ఒక్క గీతతో కలుపుతుంది. అదే ప్రాంతపు రచయిత పెద్దింటి అశోక్ కుమార్ ‘జిగిరి’ నవలలో ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం కుటుంబం భూమి కావాలంటే ఆ జంతువును వదిలించుకోవాల్సిన స్థితికి వస్తుంది. జిల్లా పేజీలో ఇది నిషేధిత వన్యప్రాణి గురించిన నాలుగు వాక్యాల వార్త. నవలలో తండ్రికి ఎలుగు నేస్తం, కొడుక్కు భూమి కావాలి. ఇద్దరూ ఒకే గుడిసెలో ఉంటారు.