జటాయువు పడిన నేలమీద తెర

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో మేకతోలు మీద రంగులు ఇప్పటికీ ఆరుతూనే ఉంటాయి. తయారయ్యేవి ఎక్కువగా ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. వాటిమీదే చాలా ఇళ్లు గడుస్తున్నాయి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020లో ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. ఇదంతా సంతోషించాల్సిందే. కానీ తోలుబొమ్మ పనితనం పూర్తిగా తెలియాలంటే రాత్రి కావాలి, ఆరుబయలు కావాలి, వెనక దీపం కావాలి.

తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, వెలుతురు దూరేంత పలుచగా బిగదీసి ఆరబెడతారు. పూర్వం దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్లు, ఇప్పుడు అన్నిటికీ మేకతోలే. గీత గీసి, రంగులద్ది, చిన్న చిన్న ఉలులతో కిరీటాలు, హారాలు, చీర అంచులు తొలుస్తారు. పగలు చేతిలోకి తీసుకుంటే అవి వట్టి చిల్లులు. దీపం వెలిగించగానే ఒక్కో చిల్లూ ఒక్కో రవ్వ. మన బొమ్మలు దాదాపు మనిషంత ఎత్తుంటాయి. భుజాలు, మోచేతులు, మోకాళ్లు విడిగా కోసి దారంతో కలుపుతారు. హనుమంతుడికి, రాముడికి ఒక్కో బొమ్మ చాలదు. సందర్భాన్నిబట్టి వేరే బొమ్మ తెరమీదికొస్తుంది.

రెండు తెల్లచీరలు కలిపి కడితే తెర. కదలక్కర్లేని బొమ్మలను ఈతముళ్లతో తెరకు గుచ్చి నిలబెడతారు. ఆముదం దీపాలు పోయి పెట్రోమాక్స్ లైట్లు, అవీ పోయి కరెంటు బల్బులు వచ్చాయి. బల్బుతో రంగులు బాగా కనబడతాయి, నిజమే. దీపం వణికినప్పుడల్లా బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టుండేది, ఆ లోటు మాత్రం తీరలేదు. బొమ్మను తెరకు అదిమితే అంచులు తేటపడతాయి, దీపంవైపు వెనక్కి లాగితే ఆకారం మసకబారి పెరుగుతుంది. రాక్షసుడు రావడమూ, మాయమవడమూ ఈ జానెడు దూరంలోనే. యుద్ధమొస్తే కాళ్లకింద చెక్కలు ఫెళఫెళమంటాయి. ఆడించేవాళ్లే పాడతారు, మాట్లాడతారు, అడుగులేస్తారు. ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకునే ఈ కుటుంబాలవాళ్లు తెరవెనక రంగనాథ రామాయణం ద్విపదలు అందుకుంటే తెలుగు గణగణమంటుంది. కథ బరువెక్కినప్పుడు నవ్వించే పాత్రలైన బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరిమీద నాలుగు మోటు మాటలు విసిరి కునుకుతున్నవాళ్లను లేపుతారు. వానలు మొహం చాటేసిన ఏడు ఊరంతా చందాలేసుకుని ఈ ఆట ఆడించుకునేవారు. తెల్లవార్లూ కూర్చునేవారు.

ఈ ఆటను కథ జరిగిన చోటే ఆడితే ఎట్లా ఉంటుంది? అమెరికాలో అలామో డ్రాఫ్ట్‌హౌస్ అనే సినిమాహాళ్ల సంస్థవాళ్లు రోలింగ్ రోడ్‌షో పేరుతో పాత సినిమాలను అవి తీసిన చోట్లకే తీసుకెళ్లి, ఆరుబయట తెరకట్టి చూపించారు. చూసేవాళ్ల కళ్లు తెరమీది కొండనూ, దాని వెనకున్న కొండనూ ఒకేసారి చూస్తాయి. మనకు అంతకన్నా పాత కథ ఉంది, దానికి తగిన చోటూ ఉంది. సీతను ఎత్తుకుపోతున్న రావణుడికి అడ్డుపడి రెక్కలు తెగిన జటాయువు లేపాక్షిలో పడిందనీ, రాముడు 'లే పక్షీ' అన్నాడనీ ఈ సీమలో అందరూ చెప్పుకుంటారు. ఊరి బండమీద ఇప్పుడు జటాయువు విగ్రహం కూడా నిలిచింది. పదహారో శతాబ్దంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి కప్పుమీది చిత్రాలు చూడండి. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కళ్లు, గళ్లూ పువ్వులూ నిండిన బట్టలు. నిమ్మలకుంట బొమ్మలకు ఇవి చుట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

అందుకే సీతాపహరణం ఆట ఆ బండకింద జరగాలని నా కోరిక. సభావేదికమీద సన్మానాల మధ్య పదిహేను నిమిషాల ముక్కగా ఆడితే సరిపోదు. చీకటిపడ్డాక మొదలుపెట్టి జటాయువు ప్రాణం వదిలేదాకా, మధ్యలో బంగారక్క తిట్లతో సహా, పూర్తిగా ఆడాలి. పెద్ద ఖర్చేమీ కాదు: నాలుగు గుంజలు, రెండు చీరలు, చుట్టూ లైట్లు ఆర్పించే అనుమతి, మేళంలో ప్రతి ఒక్కరికీ వారం రోజులు ల్యాంప్ షేడ్లు చేస్తే వచ్చేదానికి తగ్గని కూలి. ఈ కూలి విషయంలోనే బేరమాడకూడదు. ద్విపదలు నోటికొచ్చిన పెద్దలున్నప్పుడే పక్కన కూర్చుని పిల్లలు నేర్చుకోవాలి, వాళ్లు కూర్చోవాలంటే ఏడాదికి కొన్ని రాత్రులైనా తెర లేవాలి.