తీర్పుకు రెండు గుమ్మాలు: ఐలమ్మ వ్యాజ్యం, తెలుగు సాహిత్యంలో న్యాయస్థానం

ఉపోద్ఘాతం

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో వర్ధన్నపేట దాటితే రాయపర్తి మండలం వస్తుంది. ఆ మండలంలోని కృష్ణాపురం చిట్యాల ఐలమ్మ (1895-1985) పుట్టినూరు. పాలకుర్తి ఆమె మెట్టినూరు. తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యంలో ఆమెకు దక్కిన స్థానం సుపరిచితమే. అయితే పాటలోనైనా, ప్రదర్శన కళలోనైనా ప్రధానంగా కనిపించేది కర్ర చేతబట్టి కల్లానికి కాపు కాసిన ఐలమ్మ. కోర్టులో దొరకు ఎదురు నిలిచిన కక్షిదారు ఐలమ్మ ఒకటి రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. ఈ మౌనం ఆధారంగా, పోరాట సాహిత్యానికి న్యాయస్థానం మీద నమ్మకం లేదని నిర్ధారించడం సులభం. ఆ నిర్ధారణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

వ్యాజ్యం నుంచి కల్లం దాకా

పాలకుర్తిలో ఐలమ్మ కుటుంబం కౌలుకు తీసుకొని సాగు చేస్తున్న భూమిపై విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నుపడింది. వివాదం కోర్టుకు చేరింది. ఐలమ్మ పక్షాన కొండా లక్ష్మణ్ బాపూజీ వాదించారు. తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చింది. దొర పేరు చెబితేనే ఊళ్లు వణికే కాలంలో, వెట్టికులాలలో ఒకటైన చాకలి కులానికి చెందిన స్త్రీ దేశ్‌ముఖ్‌పై కోర్టులో గెలవడం చిన్న విషయం కాదు.

ఈ గెలుపునకు ఒక వ్యవస్థాపరమైన నేపథ్యముంది. హైదరాబాద్ సంస్థానంలో న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరుచేసే సంస్కరణ 1920ల తొలినాళ్లలోనే జరిగింది. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం తన 50వ అధికరణంలో రాజ్యానికి నిర్దేశించిన కర్తవ్యం కూడా ఇదే. కానీ ఈ విభజన న్యాయపీఠం దగ్గరే ఆగిపోయింది. ఊళ్లో పట్వారీ, పోలీస్ పటేల్ దొర కనుసన్నల్లోనే ఉండేవారు. తీర్పు చెప్పిన అధికారి స్వతంత్రుడే కావచ్చు; దానిని పొలం గట్టు దాకా తేవలసిన చేతులు స్వతంత్రమైనవి కావు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతకు ఇంతకన్న తగిన ఉదాహరణ దొరకదు.

కోర్టులో ఓడిన దొర పంటను బలవంతంగా కోయించేందుకు మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వారిని తిప్పికొట్టి ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. తర్వాత సంఘ నాయకులు అరెస్టయ్యారు. ఐలమ్మ ఇల్లు తగలబడింది. న్యాయశాఖకు ఖడ్గం లేదు, ఖజానా లేదు, తీర్పు మాత్రమే ఉందని 1788లో అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ వాదించాడు. ఆ లోటును పాలకుర్తిలో సంఘం కర్రలు పూరించాయి. ఈ కోణంలో చూస్తే కల్లంలో సంఘం చేసింది చట్టధిక్కారం కాదు. పాలనాశాఖ అమలు చేయని తీర్పును ప్రజలు అమలు చేయడం.

పీఠానికి ముందు, పీఠానికి తర్వాత

తెలుగు కథాసాహిత్యం న్యాయస్థానాన్ని వేర్వేరు చోట్ల నిలబడి చూసింది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) నవలలో దొర గడే న్యాయస్థానం. ఫిర్యాదీ, పోలీసు, న్యాయమూర్తి అన్నీ దొరే అయినచోట స్వతంత్రత అన్న ప్రశ్నే పుట్టదు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో చిత్రించింది గడి కాదు, ఆధునిక కోర్టు. అందులోని ‘మాయ’ కథలో కొత్త ప్లీడరు మూర్తికి లోకరీతిని బోధించేది నిందితురాలు ముత్యాలమ్మ. కేసు న్యాయపీఠం ముందుకు రాకముందే పోలీసులు, డబ్బు దానికి రూపమిచ్చేస్తాయన్నది ఆమె అనుభవసారం.

న్యాయపీఠానికి రెండు గుమ్మాలున్నాయనుకుంటే, ముత్యాలమ్మ సమస్య లోపలికి వచ్చే గుమ్మం దగ్గర ఉంది. ఐలమ్మ సమస్య బయటికి పోయే గుమ్మం దగ్గర ఉంది. ఒకచోట సాక్ష్యం కలుషితం, మరొకచోట అమలు శూన్యం. రెండుచోట్లా అడ్డు నిలిచింది పాలనాధికారమే. కనుక న్యాయవ్యవస్థ స్వతంత్రతను న్యాయమూర్తి వ్యక్తిగత నిజాయితీతో మాత్రమే కొలవడం చాలదని ఈ రెండు జీవితాలు చెబుతున్నాయి.

మౌనం వెల

పోరాట కళారూపాలు కోర్టును పక్కన పెట్టడానికి రూపపరమైన కారణం కూడా ఉంది. వ్యాజ్యంలో కక్షిదారు ఒంటరి. వాదం నడిచేది వకీలు నోట. కల్లంలో ఊరంతా పాత్రధారి. సమూహం ముందు సమూహం కోసం పాడే పాట కల్లాన్ని ఎంచుకోవడం సహజం. దానిని న్యాయంపై అపనమ్మకంగా చదవడం తొందరపాటు.

అయితే ఆ ఎంపికకు చెల్లించిన వెల తక్కువది కాదు. వ్యాజ్యం చెరిగిపోతే పేదలు చట్టాన్ని ఆశ్రయించకుండానే కర్ర పట్టారన్న అభిప్రాయం మిగులుతుంది. సంఘాన్ని దోపిడీమూకగా చిత్రించిన దొరల కథనానికి అది తెలియకుండానే బలమిస్తుంది. ఒకే తీర్పుతో నిజాం కాలపు కోర్టులన్నీ పేదల పక్షమని చెప్పడం ఎంత అసంగతమో, ఆ తీర్పే లేనట్టు చదవడం అంతే అసంగతం.

ముగింపు

స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) పోరాట స్త్రీల మౌఖిక కథనాలను గ్రంథస్థం చేసి, ప్రతీకలుగా మారినవారిని తిరిగి మనుషులుగా నిలిపింది. ఐలమ్మ సాహిత్యంపై పరిశోధన ఆ దారిలో మరొక అడుగు వేయవలసి ఉంది. ఆమె చేతిలోని కర్రతోపాటు ఆమె గెలిచిన తీర్పునూ పాఠంలో భాగంగా చదవాలి. తనదని కోర్టు తేల్చిన గింజల కోసం ఒక స్త్రీ ఎందుకు కల్లంలో కాపు కాయవలసి వచ్చిందన్నదే ఆ సాహిత్యం ఇప్పటికీ అడుగుతున్న ప్రశ్న.