వంద కోర్లు, ఒకటే పేకకట్ట

మా అన్నయ్య కూతురు రాయదుర్గంలో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో రిస్క్ అనలిస్టు. చదివింది ఎం.కాం., ఆ తర్వాత ఫైనాన్స్‌లో ఎంబీఏ. ప్రోగ్రామింగ్ అంటే ఉద్యోగంలో చేరాక అవసరం కొద్దీ నేర్చుకున్న పైథానే. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు లెక్క మొదలుపెట్టి, ల్యాప్‌టాప్ మూత వెయ్యకుండా వదిలేసి, పొద్దున వచ్చి జవాబు చూసుకోవడం ఆ అమ్మాయి అలవాటు. ఈ సోమవారం ఫోన్ చేసి, “బాబాయ్, అదే లెక్క ఇవాళ మీటింగ్ మొదలయ్యేలోపు అయిపోయింది” అంది. నాకెంత సంతోషమైందో ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లెక్క ఎవరి బుర్రలో పుట్టిందో దాన్ని వేసుకునే శక్తి కూడా వాళ్ల చేతిలోనే ఉండాలని నేను ఏళ్ల తరబడి అంటున్నదే.

వాళ్ల ఆఫీసులో క్లస్టర్, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు, ఎప్పటినుంచో ఉంది. దాని గుమ్మం దాటడమే గగనం. లినక్స్‌లో లాగిన్ తెచ్చుకోవాలి. స్లర్మ్ అనే క్యూ సాఫ్ట్‌వేర్‌కి అర్థమయ్యేట్టు ఒక స్క్రిప్ట్ రాయాలి: ఏ పార్టిషన్ (గుంపులో ఏ భాగం), ఎన్ని నోడ్లు (అంటే కంప్యూటర్లు), ఒక్కో పనికి ఎన్ని కోర్లు (కంప్యూటర్ లోపల లెక్క చేసే భాగాలు), ఎంత మెమరీ, ఎంతసేపు. మెమరీ తక్కువ రాస్తే పని సగంలో చచ్చిపోతుంది, ఎక్కువ రాస్తే క్యూలో కూర్చుంటుంది. బాండ్ల సంగతి బాగా తెలిసిన మనిషికి ఈ పార్టిషన్ల గొడవ ఎందుకు తెలియాలి? ఇప్పుడు వాళ్ల టీమ్‌లో ఒకరు దీన్నంతా ఒక ఫంక్షన్‌లో దాచిపెట్టారు. మా అమ్మాయి ఎప్పుడూ రాసే లెక్కే తెరమీది పైథాన్ నోట్‌బుక్‌లో రాసి, కింద ఒక్క వరుస చేరిస్తే చాలు. అది వంద ముక్కలై వంద కోర్ల మీద నడిచి, జవాబు అదే నోట్‌బుక్‌లోకి వచ్చి పడుతుంది.

ఆ లెక్కేమిటో చెప్తాను. బ్యాంకు చేతిలో వేలకొద్దీ బాండ్లు, షేర్లు, ఆప్షన్లు ఉంటాయి. రేపు వడ్డీ రేటు ఎటు పోతుందో, డాలర్ ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. అందుకని కంప్యూటర్‌లో కోటి ‘రేపు’లు పుట్టించి, ఒక్కోదాంట్లో లాభనష్టాలు చూసి, నూటికి తొంభైతొమ్మిదింట్లో నష్టం ఏ గీత దాటదో తేలుస్తారు. దాన్ని వాల్యూ ఎట్ రిస్క్ అంటారు. పద్ధతి పేరు మాంటీ కార్లో. 1946లో స్టానిస్లావ్ ఉలామ్ అనే గణితవేత్త జబ్బుపడి కోలుకుంటూ, ఒక్కడే కూర్చుని పేకాడుకుంటున్నాడు. ఆట గెలిచే అవకాశమెంతో సూత్రాలతో తేల్చేకంటే ఓ వందసార్లు ఆడి లెక్కపెట్టుకోవడం మేలు కదా అనిపించింది. మరో గణితవేత్త ఫాన్ న్యూమన్ ఆ ఊహని ఎనియాక్ కంప్యూటర్ దాకా తీసుకెళ్లాడు. 1977లో ఫెలిమ్ బోయిల్ దాంతో ఆప్షన్లకి ధర కట్టి చూపించాడు. ఈ పద్ధతికో గడ్డు నియమం ఉంది. జవాబులో తప్పు పదోవంతుకి తగ్గాలంటే ఆటలు పది రెట్లు పెంచితే చాలదు, వంద రెట్లు పెంచాలి. ఫైనాన్స్ వాళ్లకి పెద్ద యంత్రంతో అవసరం పడేది ఇక్కడే.

వాళ్ల అదృష్టమేమిటంటే, ఒక రేపుకి ఇంకో రేపుతో పనిలేదు. వాతావరణ లెక్కలో అలా కుదరదు. మ్యాపు మీద ప్రతి గడీ అడుగడుక్కీ పక్క గడిలో గాలీ తేమా ఎంతో కనుక్కుంటూ నడవాలి. అందుకే అక్కడ నోడ్ల మధ్య వేగమైన తీగలకి అంత ఖర్చు, వాటి మధ్య మాటలు నడిపే ఎంపీఐకి అంత చదువు. అనలిస్టుకి ఆ విద్య అసలు అక్కర్లేదు. అయినా శిక్షణ తరగతుల్లో మొదటిరోజే ఎంపీఐ ఎత్తుకుంటారు. మధ్యాహ్నానికి కామర్స్ చదివిన పిల్లలు ఇది మనవల్ల కాదని తేల్చుకుంటారు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎక్సెల్‌ని చిన్నచూపు చూసేవాళ్లతోనూ నాకు ఎప్పుడూ తగువే. లెక్కల పనిముట్లు పుట్టింది చాలాసార్లు వ్యాపారం వాళ్ల చేతుల్లోనే. ఎక్సెల్‌కి పూర్వీకురాలు, 1979లో వచ్చిన విజికాల్క్‌ని ఊహించిన డాన్ బ్రిక్లిన్ అప్పటికి హార్వర్డ్‌లో బిజినెస్ చదువుతున్న విద్యార్థి. ఇవాళ పైథాన్‌తో డేటా పట్టుకున్నవాళ్లలో చాలామంది వాడే పాండాస్‌ని వెస్ మెకిన్నీ 2008లో మొదలుపెట్టింది ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూనే. 2010లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ షీటులోని లెక్కని విండోస్ క్లస్టర్ మీదికి పంపే దారి వేసింది. మన దగ్గరా, ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 1991లో పరమ్ 8000 సూపర్‌కంప్యూటర్ తయారుచేసిన నాటినుంచి నేడు ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవ దాకా, యంత్రాలు వస్తూనే ఉన్నాయి. గంటకింతని అద్దెకి దొరికే క్లౌడ్ కోర్లు సరేసరి. తక్కువైంది సులువుగా దాటే గుమ్మమే.

ఆ గుమ్మం ఒకప్పుడు కిటికీగా ఉండేది. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివే రోజుల్లో యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లోకి మాకు ప్రవేశం లేదు. ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్‌ని వరుసకో కార్డు చొప్పున పంచ్ చేసి, కట్టకి రబ్బరు బ్యాండు వేసి, పేరూ రోల్ నంబరూ రాసిన చీటీ పెట్టి కిటికీలో ఇచ్చేవాళ్లం. ఎనభై గళ్ల కార్డు. ఏడో గడిలో మొదలవ్వాల్సింది ఆరో గడిలో మొదలైతే ఆ రోజు పోయినట్టే. కట్ట చేజారితే వరుస కలపడానికి వరండాలో చతికిలబడేవాళ్లం. తెలిసినవాళ్లు కట్ట అంచుమీద ఏటవాలుగా స్కెచ్ పెన్నుతో గీత గీసుకునేవాళ్లు. గీత విరిగిన చోట కార్డు తప్పిందని అర్థం. మర్నాటి సాయంత్రం అదే కిటికీలోంచి వెడల్పాటి కాగితం వచ్చేది. చాలాసార్లు దానిమీద ఒక్క వరుస, అదీ ఏదో తప్పని.

కిటికీలో కూర్చునే ఆపరేటర్ గారు కట్ట తీసుకునేముందు రెండు ప్రశ్నలు వేసేవారు. “ఎంతసేపు నడుస్తుందయ్యా?” అది ఆయనకి కావలసిందే, జాబ్ కార్డు మీద నిమిషాలు రాయాలి గనక. రెండోది ఆయన ఉద్యోగానికి సంబంధం లేని ప్రశ్న. “జవాబు ఎంత రావాలి?” అది తెలుసుకోవడానికే కదండీ అంటే కట్ట వెనక్కి తోసేవారు. “సుమారుగానైనా తెలీకపోతే, వచ్చింది తప్పో ఒప్పో నీకెట్లా తెలుస్తుంది? చేత్తో చిన్న లెక్క వేసుకురా.” క్యూలో వెనకున్నవాళ్ల ముందు ఆ మాట పడితే తల కొట్టేసినట్టుండేది. మెట్లమీద కూర్చుని పది సంఖ్యలతో లెక్క వేసి, కట్టతో పాటు ఆ కాగితమూ పట్టుకెళ్లేవాణ్ణి. ఆయన దాన్ని చదివేవారు కాదు. కాగితం ఉందో లేదో చూసి కట్ట అందుకునేవారు.

ఆ కిటికీ పోవాలనే ఇన్నేళ్లూ కోరుకున్నాను. స్లర్మ్ స్క్రిప్టులో సమయం రాసే వరుస ఆయన మొదటి ప్రశ్నకి వారసురాలు. మా అమ్మాయి వాళ్ల ఫంక్షన్ దాన్నీ దాచేసింది. రెండో ప్రశ్నయితే ఎప్పుడో మాయమైంది.

శుక్రవారం మళ్లీ ఫోన్ వచ్చింది. పై అధికారికి పంపేముందు ఎందుకో అనుమానం వచ్చి, వంద ముక్కల జవాబుల్నీ విడివిడిగా తెరిచి చూసిందట. మొదటి ముక్కలో నష్టం అంకె, రెండోదాంట్లో అంకె ఆఖరి దశాంశం దాకా ఒకటే. మూడోదీ అదే. వందా అవే.

జరిగిందేమిటంటే, కంప్యూటర్ ఇచ్చే రాండమ్ నంబర్లు సీడ్ అనే ఒక అంకెనుంచి వరుసగా పుడతాయి. సీడ్ ఒకటైతే వరుసా ఒకటే. ఎప్పుడు నడిపినా అదే జవాబు రావాలని తను నోట్‌బుక్ మొదట్లో సీడ్ 42 అని రాసి పెట్టుకుంది. ఆడిట్ వాళ్లు అడుగుతారు గనక అది మంచి అలవాటే. ఫంక్షన్ ఆటల్ని కోరుకి లక్ష చొప్పున పంచింది గానీ, సీడ్‌ని మాత్రం ఉన్నదున్నట్టు వంద కోర్లకీ పంపింది. ఒకే వరుసలో పేర్చిన పేకకట్ట వందమందికీ ఇచ్చి ఆడమన్నట్టయింది. ఆడిన ఆటలు కోటి, అందులో వేరువేరు ఆటలు లక్షే. ప్రోగ్రామ్ మాత్రం కోటికీ లెక్కగట్టి, తప్పు పదోవంతుకి తగ్గిపోయిందని తెరమీద చూపించింది. హెచ్చరికంటూ ఏమీ రాలేదు. దీనికి మందు చిన్నదే. పైథాన్‌లో లెక్కలకి వాడే నమ్‌పైలో 2019 నుంచి సీడ్‌సీక్వెన్స్ అనే సాధనం ఉంది. మూలంగా ఒక్క సీడ్ ఇస్తే వంద ముక్కలకీ వేర్వేరు వరుసలు పంచిపెడుతుంది. రేపు నడిపినా మళ్లీ అవే వస్తాయి. ఫంక్షన్‌లో ఇప్పుడు దాన్ని చేర్చారట.

ఇలా చప్పుడు చెయ్యని తప్పులు కొత్తవేం కావు. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ ఆఫీసులో 600 కోట్ల డాలర్లకి పైగా పోయిన ఉదంతం గుర్తుందా? మరుసటి ఏడాది ఆ బ్యాంకే విడుదల చేసిన నివేదికలో, రిస్క్ లెక్కగట్టే ఎక్సెల్ షీటులో సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారని ఉంది. దాంతో ఒడిదుడుకులు సగానికి తగ్గి కనిపించి ఉంటాయని రాశారు. నష్టానికి కారణం అదొక్కటే అని కాదు. కానీ అప్పుడు చాలామంది ఎక్సెల్‌ని తిట్టారు. అదే సూత్రాన్ని పెద్ద క్లస్టర్ మీద పెట్టి ఉంటే అదే తప్పు ఇంకా త్వరగా వచ్చేది.

కాబట్టి కిటికీ మొత్తం పోవాలనే కోరికలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. పార్టిషన్లు, నోడ్లు, మెమరీ అన్నీ దాచెయ్యండి. రెండు ఖాళీలు మాత్రం ఉంచండి: జవాబు సుమారు ఎంత రావాలి, ఎంత తప్పయితే పర్వాలేదు. అవి నింపందే ఆ ఒక్క వరుస పనిచెయ్యకూడదు. అలా అడిగితే కొత్తవాళ్లు బెదిరిపోతారని వాళ్ల టీమ్‌లో ఒకరన్నారట. నేను ఒప్పుకోను. కామర్స్ చదివినవాళ్లని బెదరగొట్టేది పార్టిషన్ పేరు. తమ పోర్ట్‌ఫోలియో ఎంత నష్టపోగలదన్నది వాళ్ల సొంత విద్య, ఏ కంప్యూటర్ ఇంజనీరుకంటే వాళ్లకే బాగా తెలుసు. సీడ్ తప్పు పట్టుకున్నది కూడా ఆ విద్యే. లక్షేసి రేపులున్న రెండు గుంపులు పైసల దాకా ఒకేలా నష్టపోవని ఆ అమ్మాయికి మార్కెట్ నేర్పింది.

వచ్చే నెల కొత్తగా చేరినవాళ్లకి తనే క్లాసు చెప్పాలట. ఏం చెప్పమంటావు బాబాయ్ అంది. మొదటి గంట క్లస్టర్ ఊసే ఎత్తొద్దన్నాను. ఒక మామూలు ఆప్షన్ తీసుకో. బ్లాక్-షోల్స్ సూత్రంతో దాని ధర ముందే తెలుస్తుంది. అదే ధరని వాళ్ల ల్యాప్‌టాప్ మీదే మాంటీ కార్లోతో వెయ్యి ఆటలకి, లక్షకి, కోటికి కట్టించు. ప్రతిసారీ తేడా ఎంతో, ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాయించు. ఒక్కో ఆటా ఫర్-లూప్‌లో తిప్పినవాళ్లు కోటి దగ్గర ఆగిపోయి ఎదురుచూస్తుంటారు. నమ్‌పైలో మొత్తం ఒక్కసారే లెక్కగట్టినవాళ్లకి అప్పటికే అయిపోతుంది. కొందరికి క్లస్టరే అక్కర్లేదని అక్కడే తేలిపోతుంది. మిగతావాళ్లకి రెండో గంటలో క్లస్టర్‌కి పంపే ఆ ఒక్క వరుస చూపించు, వంద జవాబుల్నీ విడివిడిగా తెరిచే చోటు కూడా చూపించు.